నీళ్లు కలిపితే మారేదేమిటి, మారనిదేమిటి: స్టాక్ ద్రావణం నుంచి పలుచని ద్రావణం తయారీ లెక్క

క్లుప్తంగా

స్టాక్ ద్రావణానికి, అంటే ముందే గాఢంగా తయారుచేసి ఉంచుకున్న ద్రావణానికి నీరు కలిపితే ఘనపరిమాణం పెరుగుతుంది, గాఢత తగ్గుతుంది. అందులో కరిగి ఉన్న పదార్థం మాత్రం రవ్వంత కూడా మారదు. డైల్యూషన్ (పలుచన చేయడం) లెక్కలన్నీ ఈ ఒక్క విషయం మీదే నిలబడి ఉన్నాయి. తప్పులు గుణకారంలో, భాగహారంలో జరిగేది తక్కువ. "ఎంత నీరు కలపాలి", "ఒకటికి పది", "37 శాతం" వంటి మాటలను ఒకరు ఒక రకంగా రాస్తే మరొకరు ఇంకో రకంగా చదవడం వల్లే ఎక్కువ తప్పులు దొర్లుతాయి. సూత్రం ఒక్క వరుసలో అయిపోతుంది కాబట్టి ఈ వ్యాసంలో ఎక్కువ చోటు ఆ మాటలకే దక్కింది.

సూత్రం కాదు, జమాఖర్చు

లీటరుకు 1 మోలు (అణువుల సంఖ్యను బట్టి పదార్థాన్ని కొలిచే ప్రమాణం) గాఢత ఉన్న ఉప్పు ద్రావణం ఒకటి ఉందనుకుంటే, అందులోంచి 50 మి.లీ. తీస్తే చేతికి వచ్చేది 0.05 మోలు. దాన్ని 500 మి.లీ. ఫ్లాస్కులో పోసి గీత వరకు నీరు నింపినా ఫ్లాస్కులో ఉండేది ఆ 0.05 మోలే. అది ఇప్పుడు అర లీటరంతా పరుచుకుంది కాబట్టి గాఢత లీటరుకు 0.1 మోలు అయింది. పుస్తకాల్లో సి₁ × వి₁ = సి₂ × వి₂ అని కనిపించే సమీకరణం చెప్పేది ఇంతే; సి అంటే గాఢత, వి అంటే ఘనపరిమాణం, 1 స్టాక్‌ది, 2 తయారైన ద్రావణానిది. ఎడమ పక్కన సీసాలోంచి తీసిన పదార్థం, కుడి పక్కన ఫ్లాస్కులో ఉన్న పదార్థం. రెండూ ఒకటే. ఇది ప్రకృతి నియమం అనేకంటే జమాఖర్చుల పద్దు అనడం సరిగ్గా ఉంటుంది.

అలా చూస్తే ఈ సమీకరణం ఎక్కడ పనిచేస్తుందో, ఎక్కడ చేయదో కూడా తెలిసిపోతుంది. గాఢతను ఘనపరిమాణంతో గుణిస్తే పదార్థం పరిమాణం రావాలి. మోలు/లీటరు, గ్రాము/లీటరు, మి.గ్రా./మి.లీ. వంటి ప్రమాణాలన్నిటికీ ఈ గుణం ఉంది. రెండు వైపులా ఒకే ప్రమాణం వాడితే చాలు. మిల్లీలీటర్లను లీటర్లలోకి మార్చాల్సిన పని కూడా లేదు. మొలాలిటీ విషయం వేరు. అది కిలో ద్రావణికి (కరిగించే ద్రవానికి) ఎన్ని మోలులు అని చెబుతుంది కాబట్టి ద్రావణం ఘనపరిమాణంతో గుణిస్తే అర్థమున్న సంఖ్య రాదు. బరువు శాతానికి కూడా ఘనపరిమాణంతో కాకుండా బరువుతో గుణించాలి. పలుచన చేసేటప్పుడు రసాయన చర్య జరిగి పదార్థమే మారిపోతుంటే పద్దు అసలు కుదరదు.

ఒక ఉదాహరణ. లీటరుకు 2 మోలుల సోడియం క్లోరైడ్ స్టాక్ నుంచి 0.15 మోలు గాఢత గల ద్రావణం 250 మి.లీ. కావాలి. 0.15ను 250తో గుణించి 2తో భాగిస్తే 18.75 మి.లీ. వస్తుంది. లెక్క సరే, 18.75 మి.లీ. కొలిచే ఒంటి గీత పిపెట్ ఎక్కడా దొరకదు. బ్యూరెట్‌తో తీయవచ్చు. అలవాటున్నవారు ఇలాంటి చోట లెక్కను అటు నుంచి మొదలుపెడతారు. 200 మి.లీ. ఫ్లాస్కు తీసుకుంటే కావలసింది సరిగ్గా 15 మి.లీ.; ఆ పిపెట్ ఉంది, ఆ ఫ్లాస్కూ ఉంది. కాగితం మీద ఏ ఘనపరిమాణమైనా ఒకటే. బల్ల మీద మాత్రం గాజు సామాను ఏ కొలతల్లో దొరుకుతుందో చూసుకుని లెక్క వేయాలి.

"ఎంత నీరు కలపాలి" అన్న ప్రశ్నలోనే చిక్కు

వి₂ అంటే కలిపే నీటి పరిమాణం కాదు, చివరకు తయారైన ద్రావణం మొత్తం పరిమాణం. కొత్తగా నేర్చుకునేవారి తప్పుల్లో ఎక్కువ భాగం ఇక్కడే మొదలవుతుంది. పై ఉదాహరణలో 18.75 మి.లీ. స్టాక్‌కు 250 మి.లీ. నీరు కలిపితే మొత్తం 268.75 మి.లీ. అవుతుంది. గాఢత 0.15 రావాల్సింది 0.1395 దగ్గర ఆగుతుంది, అంటే 7 శాతం తక్కువ. ద్రావణం రంగులో గానీ వాసనలో గానీ ఈ తేడా బయటపడదు. తర్వాతి ప్రయోగం ఫలితాల్లో తేలుతుంది, లేదా ఎప్పటికీ తేలదు.

అయితే 250 నుంచి 18.75 తీసివేసి 231.25 మి.లీ. నీరు కలిపితే సరిపోతుందా? పలుచని నీటి ద్రావణాలకు దాదాపుగా సరిపోతుంది. అన్నిటికీ కాదు. ద్రవాల ఘనపరిమాణాలు కూడికకు లొంగుతాయన్న హామీ లేదు. 50 మి.లీ. ఇథనాల్‌కు 50 మి.లీ. నీరు కలిపితే వచ్చేది 100 మి.లీ. కాదు, సుమారు 96 నుంచి 97 మి.లీ. రెండు రకాల అణువులూ ఒకదాని సందుల్లో ఒకటి ఇమిడి, హైడ్రోజన్ బంధాలతో దగ్గరకు చేరతాయి. గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లానికీ నీటికీ మధ్య కూడా ఇలాంటి కుదింపే జరుగుతుంది. ఘనపరిమాణం ప్రకారం 95 శాతం ఉన్న ఇథనాల్ నుంచి 70 శాతం ద్రావణం 100 మి.లీ. కావాలంటే 73.7 మి.లీ. తీసుకోవాలి. దానికి పట్టే నీరు మాత్రం 26.3 మి.లీ. కంటే కొంచెం ఎక్కువే.

వాల్యుమెట్రిక్ ఫ్లాస్కు మెడ సన్నగా ఉండటానికి, దాని మీద ఒకే గీత ఉండటానికి కారణం ఇదే. ఎంత నీరు పోశారన్నది దానికి అనవసరం. మొత్తం ఎక్కడికి చేరిందో మాత్రమే అది చెబుతుంది. మెడ సన్నగా ఉండటం వల్ల ఒక్క చుక్క పడినా మట్టం స్పష్టంగా పెరుగుతుంది. ద్రవం అంచున ఏర్పడే వంపు అడుగు భాగం గీతను తాకాలి. గీత దాటి పోస్తే పైనుంచి కాస్త తీసేయడం పరిష్కారం కాదు, ఎందుకంటే తీసిన ద్రవంతో పాటు కరిగిన పదార్థం కూడా బయటికి పోతుంది. పలుచనైన ద్రావణం పలుచగానే మిగులుతుంది, ఫ్లాస్కులో మట్టం మాత్రమే సరిగ్గా కనిపిస్తుంది.

ఉష్ణోగ్రత సంగతి కూడా ఇక్కడే వస్తుంది. కొలత గాజు సామాను మీద సాధారణంగా 20 డిగ్రీల సెల్సియస్ అని ముద్రించి ఉంటుంది. 20 నుంచి 30 డిగ్రీలకు చేరితే నీటి ఘనపరిమాణం దాదాపు 0.25 శాతం పెరుగుతుంది. మామూలు పనికి ఇది లెక్కలోకి రాదు. కానీ కరిగించేటప్పుడు వేడెక్కిన ద్రావణాన్ని చల్లారకముందే గీత వరకు నింపితే, చల్లారాక మట్టం గీత కిందికి దిగుతుంది, గాఢత అనుకున్నదానికంటే ఎక్కువవుతుంది.

తయారీ సూచనలు జాగ్రత్తగా రాసినవారు నీటి పరిమాణాన్ని అసలు చెప్పరు. ప్రపంచ ఆరోగ్య సంస్థ చేతుల శుద్ధికి సూచించిన ఇథనాల్ మిశ్రమం ఇందుకు మంచి ఉదాహరణ. 96 శాతం ఇథనాల్ 8333 మి.లీ., 3 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్ 417 మి.లీ., 98 శాతం గ్లిజరాల్ 145 మి.లీ. తీసుకుని, మరిగించి చల్లార్చిన నీటితో గానీ డిస్టిల్డ్ వాటర్‌తో గానీ మొత్తం 10 లీటర్లకు నింపాలి. 8333 వంటి వింత సంఖ్య ఎక్కడిదో ఇప్పుడు సులభంగా తెలుస్తుంది. 8333ను 96తో గుణించి 10,000తో భాగిస్తే 80 శాతం. 417ను 3తో గుణించి అలాగే భాగిస్తే 0.125 శాతం. ఇవే ఆ మిశ్రమానికి నిర్దేశించిన తుది గాఢతలు. ముందు సి₂, వి₂ ఖాయం చేసుకుని, దొరికే స్టాక్ గాఢతను బట్టి వెనక్కి లెక్కిస్తే వచ్చినవే ఆ అంకెలు.

"ఒకటికి పది" అంటే ఎన్ని?

నిష్పత్తులతో చెప్పే డైల్యూషన్‌లో గందరగోళం ఇంకా ఎక్కువ. 1:10 అని రాసి ఉంటే ఒకరు 1 భాగం స్టాక్, 9 భాగాల నీరు, మొత్తం 10 అని చదువుతారు. మరొకరు 1 భాగం స్టాక్, 10 భాగాల నీరు, మొత్తం 11 అంటారు. గణితంలో నిష్పత్తి నేర్చుకున్నవారికి రెండోదే సహజం. జీవశాస్త్ర ప్రయోగశాలల్లో ఎక్కువగా చెల్లుబాటయ్యేది మొదటిది. రెండింటికీ సమర్థకులున్నారు కాబట్టి ఏది సరైనదన్న వాదన తేలదు. తేల్చాల్సింది రాసినవారి ఉద్దేశం ఏమిటన్నదే.

తేడా ఎంత అన్నది నిష్పత్తిని బట్టి మారుతుంది. 1:1000 అయితే రెండు అర్థాల మధ్య తేడా 0.1 శాతమే, పట్టించుకోనక్కర్లేదు. 1:10 దగ్గర అది 9 శాతం అవుతుంది. 1:2 అయితే ఒక అర్థంలో సగం, మరో అర్థంలో మూడో వంతు. 1:1 దగ్గరకు వచ్చేసరికి ఒక అర్థంలో సగానికి పలుచన చేయాలి, మరో అర్థంలో అసలు నీరే కలపకూడదు! చిన్న నిష్పత్తి చూడటానికి అమాయకంగా కనిపిస్తుంది, తప్పు మాత్రం అక్కడే పెద్దది.

వైద్యంలో ఇదే గుర్తు మూడో అర్థంలోనూ వాడుకలో ఉంది. అడ్రినలిన్ ఇంజెక్షన్ 1:1000 అంటే 1000 మి.లీ.లో 1 గ్రాము మందు, అంటే మి.లీ.కు 1 మి.గ్రా. 1:10,000 అంటే మి.లీ.కు 0.1 మి.గ్రా. అంకె పెద్దదైతే మందు బలం తక్కువ. అత్యవసరంలో ఉన్న మనసుకు ఇది తలకిందులుగా తోస్తుంది, పది రెట్ల తేడాకు దారి తీస్తుంది. ఈ ప్రమాదాన్ని గుర్తించి, అమెరికాలో ఔషధ ప్రమాణాలను నిర్ణయించే ఫార్మకోపియా, ఒకే మందు ఉన్న ఇంజెక్షన్ల లేబుళ్ల నుంచి నిష్పత్తి రూపాన్ని 2016లో తొలగించింది. వాటి స్థానంలో మి.లీ.కు ఇన్ని మి.గ్రా. అని రాయాలి.

ప్రయోగశాల నోటుపుస్తకంలోనూ పరిష్కారం ఇలాంటిదే. 1+9 అని రాస్తే రెండో అర్థానికి చోటుండదు. "మొత్తం 10లో 1" అన్నా అంతే. బఫర్ (పీహెచ్‌ను నిలకడగా ఉంచే ద్రావణం) సీసాల మీద కనిపించే 10ఎక్స్, 50ఎక్స్ గుర్తులు కూడా స్పష్టమైనవే. 50ఎక్స్ అంటే వాడే గాఢతకు 50 రెట్లు. లీటరు 1ఎక్స్ బఫర్‌కు 20 మి.లీ. స్టాక్ తీసుకుని మొత్తం లీటరుకు నింపాలి.

నీటి భాగాలు ఎన్నో చెప్పక తప్పని సందర్భాలూ ఉంటాయి. బకెట్‌తో, మగ్గుతో కొలిచేవారికి వాల్యుమెట్రిక్ ఫ్లాస్కు అక్కరకు రాదు. బ్లీచ్ ద్రావణాలకు అందుకే ఒక చిన్న సూత్రం వాడతారు: ఉన్న శాతాన్ని కావలసిన శాతంతో భాగించి, వచ్చినదాంట్లోంచి 1 తీసివేస్తే ఒక భాగం బ్లీచ్‌కు ఎన్ని భాగాల నీరో వస్తుంది. 5 శాతం బ్లీచ్ నుంచి 0.1 శాతం కావాలంటే 50లోంచి 1 పోగా 49 భాగాలు. ఆ "1" మొదట ఉన్న బ్లీచ్ భాగమే. అయితే ఇక్కడ లెక్క కంటే సీసా వయసు ముఖ్యం. సోడియం హైపోక్లోరైట్ వేడికి, వెలుతురుకు, కాలం గడిచేకొద్దీ విచ్ఛిన్నమవుతుంది. లేబుల్ మీది 5 శాతం నింపిన నాటిది. సి₁ తప్పయితే భాగహారం ఎంత సరిగ్గా చేసినా ఫలం లేదు.

లేబుల్ మీది శాతాన్ని మొలారిటీగా మార్చడం

గాఢ ఆమ్లాల సీసాల మీద మొలారిటీ, అంటే లీటరుకు ఎన్ని మోలులన్నది ఉండదు. బరువు శాతం, సాంద్రత ఉంటాయి. తెలుగులో ఈ చోట ఒక చిన్న ఇబ్బంది ఉంది. గాఢత, సాంద్రత అనే మాటలను వాడుకలో ఒకదానికి బదులు మరొకటి వేస్తుంటారు; "చిక్కన", "పలుచన" అనే మాటలు రెండింటికీ వాడతారు. రసాయనశాస్త్రంలో గాఢత అంటే ద్రావణంలో ఎంత పదార్థం కరిగి ఉందన్నది, సాంద్రత అంటే ఒక మి.లీ. ఎంత బరువన్నది. గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లం నిజంగానే చిక్కగా, బరువుగా ఉంటుంది కాబట్టి అక్కడ పొరపాటు బయటపడదు. గాఢ అమ్మోనియా ద్రావణం నీటికంటే తేలిక. దాని సాంద్రత మి.లీ.కు సుమారు 0.90 గ్రాములు. గాఢత పెరిగితే సాంద్రత పెరిగి తీరాలన్న నియమమేదీ లేదు.

హైడ్రోక్లోరిక్ ఆమ్లం సీసా మీద 37 శాతం, మి.లీ.కు 1.19 గ్రా. అని ఉందనుకుంటే లెక్క ఇలా సాగుతుంది. ఒక లీటరు బరువు 1190 గ్రాములు. అందులో 37 శాతం, అంటే 440.3 గ్రాములు హైడ్రోజన్ క్లోరైడ్. దాని మోలు బరువు 36.46 గ్రాములు. భాగిస్తే లీటరుకు 12.08 మోలులు. లీటరు 1 మొలార్ (లీటరుకు 1 మోలు) ద్రావణానికి 1000ను 12.08తో భాగించి 82.8 మి.లీ. తీసుకోవాలి.

సాంద్రతను మరిచిపోయి 37 శాతమంటే లీటరుకు 370 గ్రాములని అనుకుంటే గాఢత 10.15 మోలులుగా తేలుతుంది. అప్పుడు 98.5 మి.లీ. తీస్తారు, తయారైన ద్రావణం 1 మొలార్ కాకుండా 1.19 మొలార్ అవుతుంది. తప్పు సరిగ్గా సాంద్రత అంతే ఉండటం యాదృచ్ఛికం కాదు. లెక్కలోంచి జారిపోయింది ఆ అంకే. 28 శాతం అమ్మోనియాతో ఇదే పొరపాటు చేస్తే తప్పు రెండో వైపు పోతుంది. నిజమైన గాఢత 14.8 మోలులైతే లెక్కలో 16.4 వస్తుంది, ద్రావణం పలుచనవుతుంది.

మిగిలిన సీసాల్లో 98 శాతం సల్ఫ్యూరిక్ ఆమ్లం 18.4 మొలార్, 70 శాతం నైట్రిక్ ఆమ్లం 15.8 మొలార్, గ్లేషియల్ (దాదాపు నీరు లేని) ఎసిటిక్ ఆమ్లం 17.4 మొలార్ దగ్గర ఉంటాయి. సల్ఫ్యూరిక్ ఆమ్లం విషయంలో నార్మాలిటీ అనే మరో మెలిక ఉంది; ఆమ్లానికి అది లీటరు ద్రావణం ఇవ్వగల హైడ్రోజన్ అయాన్ల మోలులను లెక్కిస్తుంది. ఒక అణువు రెండు హైడ్రోజన్ అయాన్లను ఇవ్వగలదు కాబట్టి దాని 1 నార్మల్ ద్రావణం 0.5 మొలార్ మాత్రమే. లీటరు 1 నార్మల్ ద్రావణానికి 27.2 మి.లీ. చాలు, మొలార్ అనుకుంటే రెట్టింపు, 54.3 మి.లీ. పోస్తారు. ఎన్₁ × వి₁ = ఎన్₂ × వి₂ అన్న సమీకరణం కూడా సరైనదే, రెండు వైపులా నార్మాలిటీ ఉన్నంత వరకు.

ఈ లెక్కలన్నీ లేబుల్ నిజం చెబుతోందన్న నమ్మకంతో వేసినవి. హైడ్రోక్లోరిక్ ఆమ్లం, అమ్మోనియా సీసా మూత తీసినప్పుడల్లా కొంత వాయువు పోతుంది. సోడియం హైడ్రాక్సైడ్ గాలిలోని తేమను, కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చుకుంటుంది. అందుకే కచ్చితత్వం కావలసిన చోట ఇలా తయారైన ద్రావణాన్ని "సుమారు 1 మొలార్" గానే చూస్తారు. ఆమ్లాన్ని శుద్ధమైన సోడియం కార్బొనేట్‌తో, క్షారాన్ని పొటాషియం హైడ్రోజన్ థాలేట్‌తో అంశమాపనం (టైట్రేషన్) చేసి అసలు గాఢత కనుక్కుంటారు. ఘన పదార్థాన్ని తూచి స్టాక్ చేసినా స్ఫటిక జలాన్ని మరువకూడదు. నీలి రంగు కాపర్ సల్ఫేట్ మోలు బరువు 249.7 గ్రాములు, నీరు లేని తెల్లని రూపానిది 159.6. రెండోదాని అంకెతో మొదటిదాన్ని తూస్తే స్టాక్ గాఢత 36 శాతం తక్కువవుతుంది. ఆ స్టాక్ నుంచి చేసే ప్రతి ద్రావణానికీ అదే 36 శాతం లోటు సంక్రమిస్తుంది.

ఒక్క దూకా, మెట్లు మెట్లుగానా

లోహాల విశ్లేషణకు వాడే స్టాక్‌లు తరచు లీటరుకు 1000 మి.గ్రా. గాఢతతో వస్తాయి. పరికరానికి కావలసింది లీటరుకు 0.02 మి.గ్రా. కావచ్చు. ఒకే దూకులో 100 మి.లీ. చేయాలంటే తీయాల్సింది 0.002 మి.లీ., అంటే 2 మైక్రోలీటర్లు. అంత చిన్న పరిమాణంలో పిపెట్ మొనకు అంటుకున్న తడి కూడా పెద్ద తప్పే. మూడు మెట్లుగా చేస్తే పని సాఫీగా సాగుతుంది. ముందు 1 మి.లీ.ని 100కు నింపితే లీటరుకు 10 మి.గ్రా. అందులో 10 మి.లీ.ని 100కు నింపితే 1 మి.గ్రా. దాంట్లో 2 మి.లీ.ని మళ్లీ 100కు నింపితే 0.02 మి.గ్రా. రెట్లను గుణించి సరిచూసుకోవచ్చు: 100 × 10 × 50 = 50,000; వెయ్యిని యాభై వేలతో భాగిస్తే 0.02. మెట్ల రెట్లను కూడకూడదు, గుణించాలి. ఇది అందరికీ తెలిసిన సంగతే అయినా హడావిడిలో తప్పిపోతుంది.

మెట్లు ఎక్కువైతే మంచిదా అంటే అదీ కాదు. ప్రతి మెట్టులోనూ కొలత తప్పు ఉంటుంది. పిపెట్ ప్రతిసారీ 2 శాతం తక్కువ తీస్తోందనుకుంటే, ఆరు మెట్ల తర్వాత గాఢత అనుకున్నదాంట్లో 0.98 ఆరో ఘాతం, అంటే 88.6 శాతమే మిగులుతుంది. తప్పు ఒకసారి అటు, ఒకసారి ఇటు పడే రకమైతే నష్టం తక్కువ. అది మెట్ల సంఖ్య వర్గమూలంతో పెరుగుతుంది కాబట్టి ఆరు మెట్లకు 5 శాతం దగ్గర ఆగుతుంది. ఒకే దిశలో పడే తప్పే అసలైన శత్రువు.

పరికరం ఎంపిక కూడా ఈ దృష్టితోనే చేస్తారు. ఎ తరగతి (ఎక్కువ కచ్చితత్వం గల) 10 మి.లీ. పిపెట్‌కు అనుమతించే తేడా 0.02 మి.లీ., అంటే 0.2 శాతం. 1 మి.లీ. పిపెట్‌కు అది 0.006 నుంచి 0.008 మి.లీ. వరకు ఉంటుంది. అంకె చిన్నదే గానీ శాతంలో చూస్తే 0.6 నుంచి 0.8. పెద్ద పరిమాణం తీసి పెద్ద ఫ్లాస్కులో నింపితే తప్పు శాతం తగ్గుతుంది, ద్రావణం మాత్రం ఎక్కువ ఖర్చవుతుంది. ఖరీదైన పదార్థం విషయంలో ఈ బేరం తప్పదు.

సూక్ష్మజీవుల లెక్కింపులో ఇదే మెట్ల పద్ధతి వెనక్కి నడుస్తుంది. నమూనాను 1+9 చొప్పున ఐదుసార్లు పలుచన చేసి, చివరి గొట్టం నుంచి 0.1 మి.లీ. పళ్లెంలో పరిచితే 84 కాలనీలు (ఒక్కో సూక్ష్మజీవి నుంచి పెరిగిన గుంపులు) వచ్చాయనుకుంటే, మొదటి నమూనాలో మి.లీ.కు ఎన్ని ఉన్నట్టు? 84ను లక్షతో గుణిస్తే 84 లక్షలు. అది 0.1 మి.లీ.లో ఉన్న సంఖ్య కాబట్టి మరో పదితో గుణించాలి: 8 కోట్ల 40 లక్షలు. ఆ చివరి పది మరిచిపోవడం ఈ లెక్కలో తరచుగా జరిగే పొరపాటు. ప్రతి గొట్టాన్ని బాగా కలపకపోయినా, మొన మార్చకుండా ముందుకు సాగినా ఫలితం మారుతుంది. మొన గోడకు అంటిన గాఢ ద్రవం తర్వాతి గొట్టంలోకి వెళుతుంది.

మెట్లు దిగుతూ పోతే చివరకు పదార్థమే అయిపోతుందా అన్న ప్రశ్నకు కూడా లెక్క సమాధానం చెబుతుంది. 1 మొలార్ ద్రావణం ఒక మి.లీ.లో దాదాపు 6.022 × 10²⁰ అణువులుంటాయి. ప్రతిసారీ పదో వంతుకు పలుచన చేసి ఒక మి.లీ. తీసుకుంటూ పోతే 20వ మెట్టు దగ్గర సగటున ఆరు అణువులు మిగులుతాయి, 21వ మెట్టు దగ్గర ఒక్కటి కూడా ఉంటుందన్న హామీ లేదు. అక్కడి నుంచి గాఢత అన్న మాటకు అర్థం పోయి, సంభావ్యత మొదలవుతుంది.

గాఢత పది రెట్లు తగ్గితే అన్నీ పది రెట్లు తగ్గవు

సమీకరణం గాఢతను మాత్రమే చెబుతుంది. ద్రావణం గుణాలు దాన్ని అనుసరించి తీరాలని లేదు. 0.1 మొలార్ హైడ్రోక్లోరిక్ ఆమ్లాన్ని పదో వంతుకు పలుచన చేస్తే పీహెచ్ (ఆమ్లత్వం కొలత; తగ్గేకొద్దీ ఆమ్లత్వం ఎక్కువ) 1 నుంచి 2కు వెళుతుంది. 0.1 మొలార్ ఎసిటిక్ ఆమ్లం పీహెచ్ 2.88 అయితే పదో వంతుకు తగ్గించాక 3.38 మాత్రమే. బలహీన ఆమ్లం పలుచనయ్యేకొద్దీ అందులో ఎక్కువ భాగం అయాన్లుగా విడిపోతుంది, మొదట 1.3 శాతం ఉన్నది సుమారు 4 శాతం అవుతుంది. బలమైన ఆమ్లానికీ హద్దుంది. 10⁻⁸ మొలార్ హైడ్రోక్లోరిక్ ఆమ్లం పీహెచ్ 8 అని సూత్రంలో అంకెలు వేసి చెబితే ఆమ్లం కాస్తా క్షారమైపోతుంది. నీటి సొంత అయాన్లను కూడా లెక్కలోకి తీసుకుంటే వచ్చేది 6.98.

ఆమ్లాన్ని నీటిలోకే ఎందుకు పోయాలి

లెక్కకు పోసే వరుసతో పనిలేదు, భద్రతకు ఉంది. గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లం నీటితో కలిసినప్పుడు చాలా వేడి పుడుతుంది. ఆమ్లం సాంద్రత 1.84 కాబట్టి దాని మీద నీరు పోస్తే ఆ నీరు పైనే తేలుతుంది. వేడంతా ఆ పలుచని పొరలో పోగై అది ఒక్కసారిగా మరిగి, ఆమ్లంతో సహా చిమ్ముతుంది. ఆమ్లాన్నే సన్నని ధారగా నీటిలోకి, కలుపుతూ పోస్తే అది కిందికి దిగుతుంది, చుట్టూ ఉన్న ఎక్కువ నీరు వేడిని పంచుకుంటుంది. కళ్లద్దాలు, చేతి తొడుగులు తప్పనిసరి. ఈ పనికి బీకరు వాడాలి. చల్లారాకే ఫ్లాస్కులోకి మార్చి గీత వరకు నింపాలి.

తప్పిన ద్రావణాన్ని సరిచేసే లెక్క

మొదటి ఉదాహరణలో 250 మి.లీ. నీరు కలిపి పాడుచేసిన ద్రావణం అలాగే ఉండిపోయింది: 268.75 మి.లీ., గాఢత 0.1395. దాన్ని 0.15కు తేవాలంటే ఇంకెంత స్టాక్ కలపాలి? చాలామంది తగ్గిన గాఢతకు సరిపడా పదార్థాన్ని మాత్రమే లెక్కిస్తారు. అది 2.8125 మిల్లీమోలులు, 2 మొలార్ స్టాక్‌లో 1.41 మి.లీ. కానీ కలిపే స్టాక్ కూడా ఘనపరిమాణాన్ని పెంచుతుంది కాబట్టి అది కాస్త తక్కువ పడుతుంది. సరైన లెక్కకు పద్దును రెండు పాత్రలతో రాయాలి: ఉన్న పదార్థం 37.5 మిల్లీమోలులు, కలిపేది 2 × క్ష, మొత్తం ఘనపరిమాణం 268.75 + క్ష, కావలసిన గాఢత 0.15. సాధిస్తే క్ష విలువ 1.52 మి.లీ.

ఇదే సాధారణ రూపం. రెండు ద్రావణాలు కలిసినప్పుడు సి₁ × వి₁, సి₂ × వి₂ రెండూ కలిసి తుది పద్దులోకి చేరతాయి. నీటితో పలుచన చేయడమంటే అందులో ఒకదాని గాఢత సున్నా అనుకోవడమే. అతి సూక్ష్మ పరిమాణాలు కొలిచే చోట ఆ సున్నాను కూడా నమ్మరు. వాడే నీటిలోనే ఆ లోహం ఆనవాళ్లు ఉండవచ్చు కాబట్టి, ఏమీ కలపని నీటిని విడిగా కొలిచి ఆ విలువను తీసివేస్తారు.

అంశమాపనానికి వాడే ద్రావణమైతే ఇలా అతుకులు వేయరు. పారబోసి మళ్లీ చేస్తారు, లేదా ఉన్నదాన్నే కొలిచి సీసా మీద 0.1395 అని రాస్తారు. రేపు ఎవరో ఆ సీసాను స్టాక్‌గా తీసుకున్నప్పుడు లెక్కలో సి₁ స్థానంలో వేసేది ఆ అంకెనే.